ఊరు చెప్పిన సాక్ష్యము : ‘రూట్స్’ గ్రంథ పరిశీలనము

మారిషసునుండియు దక్షిణాఫ్రికానుండియు తాతముత్తాతల యూరు చూడవలెనని మన ప్రాంతములకు వచ్చు తెలుగు సంతతివారు కలరు. వారి చేతిలో పాత కాగితపు నకలొకటి, నోట సగము చెదరిన యూరిపేరొకటి యుండును. మన వాకిట నిలిచి, “ఈ పేరుగలవాని వంశమువారు ఇచ్చట నెవరైన నున్నారా?” అని వారడుగుదురు. ఇట్టి యన్వేషణమును గూర్చిన గ్రంథములను మనము సాధారణముగా వెదకువాని పక్షమున నిలిచి చదువుదుము. సమాధానము చెప్పువాని పక్షమున నిలిచి యొక గ్రంథమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఆ గ్రంథము 1976లో వెలువడిన అలెక్స్ హేలీ కృతి ‘రూట్స్’.

హేలీ అమెరికాలోని నల్లజాతి రచయిత. బాల్యమున టెనెసీ రాష్ట్రమందలి హెన్నింగ్ అను చిన్న పట్టణములో మాతామహి యింట పెరిగెను. ఆమెయు ఆమె తోడి వృద్ధస్త్రీలును వసారాలో కూర్చుండి చెప్పుకొను కథలలో “ఆఫ్రికావాడు” అను మూలపురుషుడొకడుండెను. ఆతని పేరు కింటే యట. నదిని ‘కాంబీ బొలొంగో’ యనియు, తంత్రీవాద్యమును ‘కో’ యనియు పిలుచువాడట. కట్టె నరకుటకు అడవికి పోయి పట్టుబడెనట. ఈ మాటలు పశ్చిమాఫ్రికాలోని మాండింకా భాషకు చెందినవిగా తోచుచున్నవని చరిత్రకారుడు యాన్ వాన్సీనా హేలీకి తెలిపెను. అంతట హేలీ గాంబియా దేశమునకు పోయి, 1967లో జుఫురే గ్రామమున ఫొఫానా యను వృద్ధునిచే కింటే వంశావళిని చెప్పించుకొనెను. మన పిచ్చుకుంట్లవారు కాపుల గోత్రములను వంశములను చెప్పినట్లు, ఆ దేశమున ‘గ్రియో’ లనబడువారు వంశములను ముఖస్థముగా చెప్పుదురు. కుంటా యను బాలుడు కట్టెకొరకు పోయి తిరిగి రాలేదని వృద్ధుడు చెప్పగానే తన మేను జలదరించినదని హేలీ వ్రాసినాడు.

ఈ ఘట్టము చదివి కదలని హృదయ ముండదు. తాతల పేర్లు సయితము తుడిచివేయబడిన యొక జాతికి ఈ గ్రంథము కోల్పోయిన గౌరవమును చూపెను. 1977 జనవరిలో ఇది టెలివిజనులో ప్రదర్శితము కాగా కోట్లాది జనులు చూచిరి. ఆ సంవత్సరమే హేలీకి ప్రత్యేక పులిట్జరు బహుమానము లభించెను. తరతరముల దాస్యములో నాలుగు విదేశపు మాటలను వదలక మనుమలకు అప్పగించిన యా వృద్ధస్త్రీల ధారణ యే ఈ గ్రంథమునకు ప్రాణమని నా యభిప్రాయము.

కాని, సాక్ష్యము దగ్గర గ్రంథము నిలువలేదు. 1977 ఏప్రిలులో మార్క్ ఆటవే యను పాత్రికేయుడు గాంబియాలో విచారించి, ఫొఫానా సంప్రదాయసిద్ధమైన శిక్షణ పొందిన గ్రియో కాడని లండను ‘సండే టైమ్స్’ పత్రికలో వ్రాసెను. చరిత్రకారుడు డొనాల్డ్ రైట్ 1981లో ఆ సందేహములనే బలపరచెను. అదే సంవత్సరమున గేరీ మిల్స్, ఎలిజబెత్ మిల్స్ అను వంశచరిత్ర పరిశోధకులు వర్జీనియా దస్త్రములను పరిశీలించిరి. హేలీ లెక్క ప్రకారము కుంటా 1767లో ‘లార్డ్ లిగొనియర్’ అను నౌకలో అమెరికా చేరి ‘టోబీ’ యైనాడు. దస్త్రములలోని టోబీ యన్ననో, ఆ నౌక రాకకు కొన్నేండ్ల ముందే వాలరు కుటుంబపు బానిసగా నున్నాడు!

ఈ పొరపాటు ఎట్లు కలిగెను? హేలీ జుఫురేకు పోవుటకు ముందే, తొలి ప్రయాణమున, కింటే పేరును కట్టె నరకిన కథను గాంబియాలో పెద్దలకు వివరించెను. ఇది యాతడు గ్రంథాంతమున స్వయముగా చెప్పిన విషయమే. నూతిలోనికి వంగి పిలిచినవానికి తన పిలుపే తిరిగి వినబడును. అది నూతిలోని మనుష్యుని పలుకు కాదు. జుఫురేవారు దుర్బుద్ధితో చెప్పినారని నేననను. సముద్రములు దాటి వచ్చిన యతిథి కన్నీటితో అడుగుచుండగా “లేదు” అనుటకు ఏ పల్లెకు నోరు వచ్చును? మర్యాదయే ఇచ్చట సత్యమునకు అడ్డము వచ్చినది.

మన యూళ్లకు వచ్చువారి సంగతి కొంత నయము. వారికి కాగితము కలదు. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ నౌక మద్రాసునుండి డర్బను చేరినది మొదలు 1911 వరకు నేటాలుకు పోయిన 1,52,184 మంది కూలీల పట్టికలలో పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, గ్రామము మున్నగునవి వ్రాయబడెను. మారిషసులో మోకాయందలి మహాత్మాగాంధీ సంస్థలో అట్టి దస్త్రములు భద్రముగా నున్నవి.

అయినను కాగితమును చదువుట తెలియవలెను. ‘గంజాం’ అని యున్నంత మాత్రమున నేటి గంజాం జిల్లా యని యెంచరాదు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు ఆ జిల్లా రెండుగా చీలినది. ‘ఉత్తర ఆర్కాటు’ అన్నచో 1911లో చిత్తూరు జిల్లాలో చేరిన యూరు కావచ్చును, తమిళనాడున నిలిచిన యూరు కావచ్చును. తెలుగువారిని మారిషసులో ‘కోరంగీ’లని పిలిచిరి, కాని కోరంగి యనునది యానాము చెంతనున్న యోడరేవు. రేవు పేరును జన్మగ్రామముగా తలచినవాడు వేరొకరి గడపకు మ్రొక్కి తిరిగిపోవును. ఇక అప్పడు, రాముడు అను పేర్లా, అవి లేని పల్లె యేది?

కావున ఒరిస్సాలోను, తమిళనాడులోను, యానాములోను స్థిరపడిన మనవారికి నాదొక విన్నపము. ఇట్టివారు వచ్చినపుడు కాగితములోని పేరును ముందుగా ఊరిలో చాటనీయకుడు. “ఈ యూరినుండి ఓడ యెక్కి పోయినవారెవరు?” అని పెద్దలను వేరువేరుగా అడిగి, వారు చెప్పినది వ్రాసికొని, తరువాతనే కాగితముతో సరిచూడుడు. రెండును కలిసినచో సంతోషము. కలియకున్నచో, “ఊరిదే కావచ్చును, ఇల్లు మాకు తెలియదు” అని చెప్పుటకు సిగ్గుపడకుడు. అసత్యపు బంధువు నిచ్చుటకంటె, ఆతని ముత్తాత నీరు త్రాగియుండదగిన చెరువును చూపుట మేలు. హేలీకి జుఫురేలో ఆ మాట చెప్పగలవాడొక్కడున్నచో ‘రూట్స్’ కొంత చిన్న గ్రంథమయ్యెడిది. కాని అందలి ప్రతి పుటయు నిలిచియుండెడిది.