త్రిలింగ వ్యుత్పత్తి: ఒక పరిశీలన

మన దేశనామం ఎలా పుట్టిందని అడిగితే విద్యార్థులు తడుముకోకుండా చెప్పే మాట ‘త్రిలింగం’. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం అనే మూడు శివక్షేత్రాల నడిమి నేల త్రిలింగమనీ, అదే తెలుగయిందనీ వాదం. కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) ఆస్థానకవి విద్యానాథుడు దీనికి శాస్త్రగౌరవం కల్పించాడు. 17వ శతాబ్దిలో అప్పకవి దాన్ని స్థిరపరిచాడు. గ్రియర్సన్ వంటివారు మాత్రం త్రిలింగం తరువాతి సంస్కృతీకరణమన్నారు. మా మొగ్గు ఇటే.

ధ్వనిరీత్యా త్రిలింగ వాదం అసంభవమేమీ కాదు. కలిగి, కలుగు రూపాల్లో నడిమి అచ్చు మారినట్టే ‘లింగ’ ‘లుంగు’ కావచ్చు. కాని తెలుంగును త్రిలింగంగా దిద్దడానికీ ఇదే దారి. రెండు వైపులా నడిచే సూత్రం ఒక్కటే తీర్పు చెప్పలేదు.

కాలాన్ని చూద్దాం. విద్యానాథునికి రెండు వందల ఏళ్లకు పైగా ముందే నన్నయ ‘తెనుఁగు’ అన్నాడు. ఇక శాసనం. 1358 నాటి శ్రీరంగం తామ్రశాసనం పడమట మహారాష్ట్రం, తూర్పున కళింగం, దక్షిణాన పాండ్యం, ఉత్తరాన కన్యాకుబ్జం ఎల్లలుగా చెప్పి, ఆ నడిమి దేశాన్ని ‘తిలింగ’ అన్నది. త్రిలింగమే మూలమైతే, సంస్కృత శ్లోకం రాసేవాడు దాన్ని విడిచి వికృతరూపాన్ని ఎందుకు పట్టుకుంటాడు?

మూడో సాక్ష్యం పొరుగువారి నోట ఉంది. తమిళులు నేటికీ ‘తెలుంగు’ అంటారు. మనం అరసున్నగా చేసి, ఆపైన వదిలేసిన అనునాసికం అక్కడ పదిలంగా ఉంది. మరాఠీలో ‘తేలంగ్’, కటకంలో ‘తెలెంగా బజార్’. తమిళానికి ‘త్ర’ కొరుకుడు పడదనవచ్చు. త్రినాథుణ్ణి కొలిచే ఒడియావారికీ, త్ర్యంబకేశ్వరుణ్ణి సేవించే మరాఠీలకూ ఆ ఇబ్బంది లేదు కదా!

‘తెన్’ అంటే దక్షిణం, అందుకే తెనుగు అనే వాదానికీ ఒక చిక్కుంది. తమిళులు మనల్ని ‘వడుగర్’, అంటే ఉత్తరాదివారు, అన్నారు. ఆర్యభాషలవారు పేరు పెడితే ద్రావిడపదం వాడరు. కనుక ఆ పేరు మనమే పెట్టుకున్నదో, ఉత్తరాన ఉన్న ద్రావిడ సోదరులు పెట్టినదో కావాలి. ఆ సంగతి ఇంకా తేలవలసి ఉంది.

త్రిలింగం అబద్ధమని మేము అనడం లేదు. అది పేరు పుట్టుకను చెప్పదు. ఆ పేరును ఒక యుగం ఎలా అర్థం చేసుకున్నదో చెబుతుంది. తెలుగునాటికి దూరంగా ఉన్నామని నొచ్చుకునే విద్యార్థులు ఒకటి గమనించాలి: ఈ వివాదంలో విలువైన సాక్ష్యాలు కొన్ని మీ వీధుల్లోనే వినిపిస్తున్నాయి.