తగ్గినది రోగమా, రోగుల రాకయా?

2021లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ అను వైద్యపత్రికలో, భారతదేశమున క్యాన్సరు చికిత్సకు కోవిడు వలన కలిగిన అంతరాయమును గూర్చి ఒక పరిశోధన వ్యాసము వెలువడినది. జాతీయ క్యాన్సరు గ్రిడ్డుకు చెందిన 41 వైద్యకేంద్రములు దీనికి తమ అంకెలను సమకూర్చినవి. 2020 మార్చి 1 నుండి మే 31 వరకు గల మూడు నెలలను, 2019లోని అవే నెలలతో పోల్చిరి. పద్ధతి హైస్కూలు విద్యార్థికి కూడ సుబోధమే. ఫలితముల అర్థము మాత్రము అంత సులభము కాదు.

2019లో 1,12,270 మంది కొత్త రోగులు పేర్లు నమోదు చేయించుకొనగా, 2020లో 51,760 మంది మాత్రమే వచ్చిరి. అనగా 54 శాతము తగ్గుదల. ఈ మొత్తములో మార్చి 25న లాక్‌డౌను మొదలగుటకు ముందటి 24 దినములు కూడ కలిసియున్నవి. కావున అసలు పతనము ఈ సగటు కంటె లోతైనదని ఊహింపవచ్చును. శరీరములోని కణితికి రైళ్ళు నిలిచిన సంగతి తెలియదు. రొమ్ములో గడ్డతో, నోటిలో మానని పుండుతో ఇండ్లలోనే ఉండిపోయినవారు ఎందరో ఉందురు. ఆసుపత్రి రిజిస్టరు వచ్చినవారినే లెక్కించును. ఈ వ్యాసమునకు ముఖ్యులైనవారు రానివారు. ఇదియే దీనిలోని మొదటి చిక్కు.

అన్ని చికిత్సలును ఒకే తీరున తగ్గలేదు. పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతము తగ్గగా, రేడియేషన్ చికిత్స పొందినవారు 23 శాతమే తగ్గిరి. దీనికి కారణము తెలిసికొనదగినది. రేడియేషనును సాధారణముగా కొద్ది మోతాదులలో, దినదినము, కొన్ని వారములపాటు ఇత్తురు. నడుమ ఆపినచో మిగిలిన క్యాన్సరు కణములు తిరిగి వృద్ధి చెందును. కనుక మొదలుపెట్టిన చికిత్సను విడువరాదు. పెద్ద శస్త్రచికిత్సకు మత్తువైద్యులు, రక్తము, అత్యవసర విభాగములో పడకలు కావలెను. ఆ వైద్యులు, ఆ పడకలే కోవిడు రోగులకును కావలసివచ్చెను.

తిరిగి పరీక్షకు వచ్చుటలు 46 శాతము తగ్గినవి. దీనిని పూర్తిగా నష్టముగా ఎంచుట సరికాదు. మందుల వలన తెల్లకణములు తగ్గిన రోగి, ఫోనులో సలహా పొంది ఇంట నుండుట మేలే కావచ్చును. మేలు చేసిన తగ్గుదలను, కీడు చేసిన తగ్గుదలను ఈ అంకె వేరుచేయజాలదు.

వ్యాసములో మిక్కిలి విలువైన అంశము వేరొకటి గలదు. చిన్న నగరముల కంటె మహానగరముల కేంద్రములలోనే సేవలు ఎక్కువగా తగ్గినవి. వైద్యులెక్కువ ఉన్నచోట తగ్గుదల ఎక్కువగుట వింతగా తోచును. కాని హైదరాబాదులోని ఎం.ఎన్.జె. సంస్థ వంటి ఆసుపత్రులకు దూరపు జిల్లాల వారు వచ్చెదరని తెలిసినవారికి ఇందు వింత లేదు. బస్సు లేనినాడు ఆసుపత్రి తెరచియున్నను మూసినట్లే. పత్రికలు 54 శాతమును ప్రచారము చేసినంతగా దీనిని పట్టించుకొనకపోవుట విచారకరము.

ఇక, ఆలస్యము వలన ఎందరు మరణించిరి? ఈ వ్యాసము లెక్కించినది సేవలనే. 2020 నవంబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ 34 అధ్యయనములను, 12 లక్షలకు పైగా రోగులను సమీక్షించి, శస్త్రచికిత్స నాలుగు వారములు ఆలస్యమైన మరణపు ముప్పు 6 నుండి 8 శాతము పెరుగునని తేల్చినది. ఉపాధ్యాయులు దీనిని జాగ్రత్తగా బోధింపవలెను. నూటికి ఆరుగురు అదనముగా చనిపోవుదురని దీని అర్థము కాదు. వందమంది మరణింపవలసినచోట సుమారు 106 నుండి 108 మంది మరణింతురని అర్థము. అదియును మామూలు కాలపు ఆలస్యములను చూచి కట్టిన లెక్క. దానిని 41 కేంద్రములకు రానివారి సంఖ్యతో గుణించి మరణములను చెప్పబూనుట తొందరపాటు. వ్యాధి ఏ దశలో ఉండగా రోగి వచ్చెనో, మొదటి లక్షణము ఎన్నడు కనబడెనో వ్రాసియుంచిన కేంద్రములు మాత్రమే ఈ ప్రశ్నకు జవాబు వెదకగలవు.