చిల్లులు లెక్కపెట్టమన్న పాట

పసుల జీతం ఉన్న పిల్లగాని మీద పాట రాయాలంటే ఎవరికైనా ముందు తోచేది జాలి. సుద్దాల హనుమంతు జాలి పడుతూ కూర్చోలేదు, ఆ పిల్లగాన్నే ప్రశ్నలు అడిగారు. ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట బలం అక్కడుంది. ఒంటికి చాలీచాలని చిరుగులంగీ, తల మీద గోనె కొప్పెర, కాళ్లకు తాటిజెగ్గల జోడు. ఇవన్నీ చూపించి కవి ఊరుకోరు. కొప్పెరకు పడ్డ చిల్లులెన్నో లెక్కపెట్టావా అని అడుగుతారు. బడిలో పలక మీద అంకెలు దిద్దుకోవాల్సిన పిల్లవానికి గోనెసంచి చిల్లులే ఎక్కాలయ్యాయన్న మాట కవి పైకి అనరు. విన్నవాళ్లకే అది గుండెల్లో గుచ్చుకుంటుంది.

మా హుజూర్‌నగర్ వైపు ఈ పాటను ఎవరో రాసిన పాటలా వినరు. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు రాకముందు ఇక్కడ మెట్ట భూములు ఎక్కువ. పసుల వెంట, మేకల వెంట తిరిగిన బాల్యం ఇక్కడి పెద్దవాళ్లలో చాలామందిది. దొరల గడీలు, వెట్టిచాకిరి, 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఈ తాలూకాలన్నీ చూసినవే. 2016లో హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలో కలిసినా పాట మాత్రం ఉమ్మడి నల్లగొండదే. హనుమంతు పుట్టిన పాలడుగు, ఆయన పేరుకు ముందు నిలిచిన సుద్దాల కూడా ఆ ఉమ్మడి జిల్లాలోని ఊళ్లే.

పాట నడకను కాస్త దగ్గరగా చూడాలి. ‘పల్లె’ మూడు మాత్రలు. ‘టూరి’ కూడా రాతలో మూడే, కానీ పాడేటప్పుడు ‘రి’ సాగి నాలుగవుతుంది. ‘పిల్ల’ మూడు, ‘గాడా’ నాలుగు. అంటే మూడు, నాలుగు, మళ్లీ మూడు, నాలుగు. గురజాడ 1910లో ముత్యాల సరాలకు ఎంచుకున్న మిశ్రగతి ఇదే. చరణాల్లోనూ మాటలు ఈ కొలతకే ఒదిగిపోతాయి. మాత్ర తగ్గినచోట గొంతు సాగుతుంది. చెలకకు ఈ గట్టున నిలబడి ఆ గట్టు మీదున్న పిల్లగాన్ని కేకేస్తే గొంతు ఎక్కడ సాగుతుందో సరిగ్గా అక్కడే సాగుతుంది. మాత్రల లెక్కా పిలుపూ ఇంతగా కలిసిపోయిన పాటలు మనకు ఎక్కువ లేవు.

చరణం కట్టిన తీరు ఇంకా గొప్పది. ముందు రెండు చిన్న తునకల్లో పిల్లవాని అవతారం కళ్లకు కడతారు. తర్వాత ఒక ప్రశ్న వేస్తారు. వెంటనే మరో ప్రశ్న వేయకుండా, నడుమ వాణ్ని ముద్దుగా పిలుస్తారు. ఆ పిలుపులోనే బుగ్గల పసితనాన్నీ జీతగాడి బతుకునూ పక్కపక్కన పెట్టేస్తారు. ఆ తర్వాత వచ్చే రెండో ప్రశ్న మొదటిదానికన్నా లోతుగా దిగుతుంది. పిలుపు నడుమ లేకపోతే రెండు ప్రశ్నలూ విచారణలా వినిపించేవి. ఆ చోటు పట్టుకోవడమే హనుమంతు పనితనం.

కవిత్వాన్ని గొంతుకు అప్పగించే ఇలాంటి పని యిడ్డిష్ భాషలోనూ గొప్పగా జరిగింది. తూర్పు యూరప్ యూదుల ఇంటిభాష అది. ఉక్రెయిన్‌లో పుట్టి 1914లో అమెరికా చేరిన లాజర్ వైనర్ ఆ భాషా కవుల కవితలకు గొంతు, పియానో కోసం స్వరాలు కూర్చారు. అక్కడ కవిత ముందు, స్వరం తర్వాత. మాట చెప్పని దిగులును పియానో చెబుతుంది. హనుమంతు దగ్గర పియానో లేదు. గొల్ల సుద్దులు, బుర్రకథ, యక్షగానం ఆయన పనిముట్లు. మాటలోనే తాళం ఉండాలి, మాటలోనే దిగులు ఉండాలి. అందుకే హనుమంతుకు దగ్గరి చుట్టం వైనర్ కాదు, క్రాకో నగరపు వడ్రంగి మొర్దెకై గెబిర్టిగ్ అంటాను. సంగీత లిపి రాని గెబిర్టిగ్ కూడా మాటనూ బాణీనీ తానే కట్టుకున్నారు. ఆయనను 1942 జూన్‌లో క్రాకో ఘెట్టోలో నాజీ సైనికులు కాల్చి చంపారు.

గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలయ్యాక హనుమంతు పాట రాష్ట్రమంతా పాకింది. ఆ సినిమాకు సంగీతం వింజమూరి సీత, నాగభూషణం. సినిమాలో ఈ పాట పాడిన సంధ్య గొంతులో ఆ ప్రశ్నలు విన్నవాళ్లు మరిచిపోలేరు. హనుమంతు 1982లో కన్నుమూశారు.

సభల్లో జనం కుదురుకునేదాకా పాడే పాటగా దీన్ని మిగల్చకండి. మన బడుల్లో తెలుగు పంతుళ్లు మాత్రలు లెక్కించి చూపుతూ, సంగీతం తెలిసినవాళ్లు బాణీ చెడకుండా, చరణాలన్నీ పిల్లలకు నేర్పాలి.