సుశ్రుతమున సేనావైద్యశిక్ష: ధ్వజవచ్ఛబ్దవిచారము

సుశ్రుతసంహితా సూత్రస్థానమున యుక్తసేనీయమను ముప్పదినాల్గవ యధ్యాయము కలదు. దండు వెడలిన రాజును వైద్యుఁడు కాపాడవలసిన విధ మందుఁ జెప్పఁబడినది. సేనావైద్యుని డేరాపైఁ బతాక యెత్తవలెనని సుశ్రుతుఁడు శాసించెననియు, 1864 సం॥న జినీవా యొడంబడికచే నేర్పడిన యెఱ్ఱసిలువ గుఱుతునకు నదియే పూర్వరూపమనియుఁ గొందఱు వ్రాయుచున్నారు. పాఠశాలలలో మనమును నట్లే చెప్పుచున్నాము. నేనును గొంతకాల మట్లే చెప్పితిని. మూలము నన్వయించి చూచినచో నీ పతాక నిలువదు.

అచటి పదము ‘ధ్వజవత్’ అని. వైద్యునిఁ బరామర్శించు ‘ఏనమ్’ అను పదము పుంలింగ ద్వితీయైకవచనము. ధ్వజము గలవాఁడను మతుబర్థమే వివక్షితమైనచో ‘ధ్వజవంతమ్’ అని యుండవలెను, అట్లు లేదు. కావునఁ దుల్యక్రియార్థమునఁ బాణిని విధించిన వతిప్రత్యయమే యిది. ఆ తుల్యక్రియ యెయ్యది? సముచ్ఛ్రయము. ధ్వజము కంబముపై నెత్తఁబడును. వైద్యుఁడు యశఃఖ్యాతులచే నెత్తఁబడును. ఇట నెత్తఁబడినది కీర్తి గాని గుడ్డ గాదు. అట్టివానిని విషశల్యవ్యాధిపీడితులు మోహము లేక చేరుదురని వాక్యార్థము.

ఆ కీర్తి యెట్లు వచ్చును? దీనికి సమాధానము తొమ్మిదవదియగు యోగ్యాసూత్రీయాధ్యాయమునఁ గలదు. ‘యోగ్య’ యనఁగా నిట నర్హత గాదు, అభ్యాసము. సంస్కృతభారతాదిపర్వమున నర్జునుఁడు చీఁకటిలో విల్లభ్యసించిన ఘట్టమున నీ శబ్దమే ప్రయుక్తము. రఘువంశాష్టమసర్గమున నిదియే కనఁబడఁగా, మన కోలాచల మల్లినాథసూరి యభ్యాసమనియే వ్యాఖ్యానించెను. విలుకానికిని శస్త్రవైద్యునికిని శిక్షావాచక మొక్కటియే యగుట గమనింపఁదగినది.

ఆ యభ్యాసక్రమము మిక్కిలి ముచ్చటైనది. గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై ఛేదనము. నీరును బురదయు నింపిన తోలుతిత్తులపై భేదనము. వెండ్రుకలతోడి చర్మముపై లేఖనము. చచ్చిన పశువుల సిరలయందును, దామరతూఁడులయందును వేధనము. పురుగు తొలిచిన కొయ్యయం దేషణము. మైనము పూసిన బూరుగుపలకపై విస్రావణము. సన్నని, ముతకవగు బట్టల యంచులపై సీవనము. బాణశల్యము నూడ్చువానికి ముఖ్యమైన యాహరణము పనస, మారేడు మున్నగు ఫలముల గుజ్జునందును, మృతపశువుల దంతములయందును నేర్పఁబడును. కట్లు కట్టుట పుస్తమయపురుషుని యంగములపై నభ్యసింపవలయును. పుస్తమనఁగా మట్టి మున్నగువానితోఁ జేయు లేప్యాదికర్మ; దీనిని బుస్తకముగా భ్రమించిన విద్యార్థిని నే నెఱుఁగుదును. వైద్యము పుస్తకములోనే యున్నదని యాతని నమ్మకము కాఁబోలు!

అయినను నేఁటి సేనావైద్యశిక్ష యంతయు నిందే కలదనువారితో నే నేకీభవింపఁజాలను. రక్తమును నిలుపుటకు సంధానము, స్కందనము, పాచనము, దహనము అను నాలుగుపాయములు పదునాల్గవ యధ్యాయమునఁ జెప్పఁబడినవి. వానిలో దహనమునకు మాత్రము మెత్తని మాంసఖండములపై నభ్యాసము విధింపఁబడినది. గుమ్మడికాయ నెత్తురు గ్రక్కదు గదా! నేఁటి సైన్యములందుఁ గృత్రిమరక్తము చిమ్ము బొమ్మలపై, మ్రోఁతలనడుమ, జీఁకటిలోఁ గాలుసేతులకు బిగికట్టు వేయుట నేర్పుచున్నారు. ఈ విషయమున నర్జునుని యోగ్యయే వీరి శిక్షకు దగ్గఱ.

కాని యట్టి శిక్ష యేల యన్న హేతువు సుశ్రుతుఁ డెఱుఁగనిది గాదు. శాస్త్రమే నేర్చి కర్మ నేరనివాఁడు రోగిం జూచి, యుద్ధముఁ జొచ్చిన పిఱికివానివలె మోహపడునని మూఁడవ యధ్యాయమునఁ జెప్పెను. రెండును నేర్చినవాని కుపమానము యుద్ధమున రెండు చక్రముల రథము. అచట శిక్షలేని వైద్యునికి మోహము. యుక్తసేనీయమున శిక్షితుని జేరువారి కమోహము. ఈ రెంటిని గలిపి చదివినవా రరుదు.

ఇంకొక శంక మిగిలియున్నది. యుక్తసేనీయమున వైద్యుని తావు రాజగృహమునకుఁ జేరువ. పీడితులే యాతనియొద్దకు వత్తురు. నడువలేక రణభూమిం బడియున్నవాని మాట యా శ్లోకమున లేదు. కౌటిల్యుని సాంగ్రామికాధికరణమున మాత్రము వైద్యులు శస్త్రయంత్రములను, మందులను, దైలమును, వస్త్రములను జేతఁబట్టి సేనకు వెనుక నిలువవలెనని కలదు. అందును బడినవానియొద్దకుఁ బోవుదురని స్పష్టముగా లేదు. అయినను వారున్నది డేరాలో గాదు, యుద్ధభూమియందే.