వేలికొన కింద ‘ఇటు’: డైరెక్టరీ బోర్డుల బ్రెయిలీ పాఠంపై ఒక పరిశీలన

చిన్నయసూరి ఆ, ఈ, ఏ అనే సర్వనామాలను త్రికమన్నాడు. బాలవ్యాకరణం చదివినవారికి త్రికసంధి గుర్తుంటుంది గాని ఆ మూడింటి మధ్యనున్న అర్థసంబంధం మీద దృష్టి అంతగా నిలవదు. దూరాన ఉన్నదానికి ‘ఆ’, దగ్గరున్నదానికి ‘ఈ’, తెలియనిదానికి ‘ఏ’. భవనాల ప్రవేశద్వారం దగ్గర కనిపించే డైరెక్టరీ బోర్డు ఈ త్రికం మీద నిలిచిన పాఠమే. ‘ఏ అంతస్తు, ఎటు’ అని వచ్చిన మనిషికి అది ‘అటు’, ‘ఇటు’ అని జవాబిస్తుంది. చూపున్న పాఠకునికి ఆ జవాబు బాణం గుర్తుగా అందుతుంది. చూపులేని పాఠకునికి ఏ రూపంలో అందాలన్నది ఇక్కడి ప్రశ్న. అచ్చు పాఠాన్ని చుక్కల్లోకి మార్చినంత మాత్రాన అది సూచిక కాజాలదనీ, స్పర్శ కోసం దానిని కొత్తగా రచించవలసిందేననీ నా అభిప్రాయం.

ఈ చర్చకు హఫీజ్‌పేట్ పరిసరాలు తగిన క్షేత్రం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ చుట్టూ పెరిగిన బహుళ అంతస్తుల నిర్మాణం కొండాపూర్ మీదుగా ఇక్కడిదాకా వ్యాపించింది. ఒక్కో భవనంలో అనేక సంస్థలు. వాటి పేర్లు ఇంగ్లీషులో, అంతస్తులు అంకెల్లో, దారి బాణాల్లో ఉంటాయి. బోర్డు గాజు పలక వెనుకో డిజిటల్ తెర మీదో ఉంటే వేలికి నునుపు తప్ప మరేమీ తగలదు. లిఫ్టు మీటల పక్కన చుక్కలుండడం ఇప్పుడు అరుదు కాదు. ఏ మీట నొక్కాలో చెప్పవలసిన బోర్డు మాత్రం మూగగా ఉంటుంది. ఎం.ఎం.టి.ఎస్. రైలు దిగి ఒంటరిగా ఇంటర్వ్యూకు వచ్చిన అంధ అభ్యర్థి తన గమ్యాన్ని వాచ్‌మన్‌కు చెప్పుకొని, అతని చేయి పట్టుకొని వెళ్ళవలసివస్తుంది. సహాయం దొరకడం మంచిదే. దాని అవసరం లేకుండా వెళ్ళగలగడం వేరే సంగతి.

ఈ లోపం మన ఒక్కరిది కాదు. తరచు ఆదర్శంగా చూపే అమెరికా 2010 ప్రాప్యతా ప్రమాణాలు శాశ్వతమైన గదుల పేరుపలకలకు బ్రెయిలీని తప్పనిసరి చేశాయి. అయితే భవన డైరెక్టరీలను, సంస్థల పేర్లను ఆ నియమం నుండి మినహాయించాయి. దారిచూపే బోర్డులకు కంటితో చదివే అక్షరాల నిబంధనలు మాత్రమే వర్తింపజేశాయి. సంస్థలు మారుతుంటాయి, వేలాడే బోర్డు చేతికందదు అన్న సమర్థనలు ఊహించగలవే. కాని గది చేరినవానికి గది పేరు చెప్పి, గది చేరే దారిని మినహాయించడం ఫలశ్రుతి ఇచ్చి కథను దాచడం వంటిది. మనదేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రాప్యతను విధిగా చెప్పింది. దాని కింద 2017లో వచ్చిన నియమావళి మార్గదర్శకాలను సిఫారసుల భాషలో వదిలింది. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపి, 15(1)వ నియమం మాతృచట్టానికి విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను విడిగా రూపొందించమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయానిదే.

చట్టం ‘బ్రెయిలీ ఉండాలి’ అనవచ్చు. ఆ బ్రెయిలీలో ఏముండాలో తేల్చవలసినవారు భాషావేత్తలు. ఆ పని మన శాఖల్లో ఎవరూ తమదనుకోవడం లేదు.

భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా 1951లో స్థిరపడిన భారతీ బ్రెయిలీయే తెలుగుకూ ఆధారం. అది లిపిని కాక ధ్వనిని అనుసరిస్తుంది. గుణింతపు గుర్తులుండవు, హల్లు తరువాత అచ్చునే రాస్తారు. ఒత్తులుండవు, పొల్లును తెలిపే నాలుగో చుక్క హల్లుకు ముందే వస్తుంది. అచ్చులో కిందికి దిగే తెలుగు అక్షరం ఇక్కడ వరుసగా సాగుతుంది. ‘మెట్లు’ కంటికి రెండక్షరాలు. వేలికి ఆరు గడులు: మ, ఎ, పొల్లు చుక్క, ట, ల, ఉ. ‘స్త్రీలు’ అనే రెండక్షరాల మాటకు ఎనిమిది గడులు కావాలి. బోర్డు తయారుచేసేవారు తెలుగు పలక కొలతను అచ్చు మాట పొడవును బట్టి నిర్ణయిస్తే చుక్కలు పట్టవు. పట్టించడానికి గడులను దగ్గరకు జరిపితే చదవడమే కుదరదు. పై ప్రమాణాల ప్రకారం పక్కపక్క గడుల్లోని ఒకే స్థానపు చుక్కల మధ్య దూరం 6.1 నుండి 7.6 మి.మీ., చుక్క ఎత్తు 0.6 నుండి 0.9 మి.మీ. ఉండాలి. చుక్క తల గుండ్రంగా ఉండాలి. ఈ కొలతలు వేలికొనను బట్టి ఏర్పడినవి, వాటిని కుదించడానికి వీల్లేదు.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఆరు చుక్కల గడులు ఇంగ్లీషుకూ తెలుగుకూ అవే. ఇంగ్లీషు ఐదో అక్షరానికుండే 1, 5 చుక్కలు తెలుగులో ‘ఏ’. హఫీజ్‌పేట్ పేరును ఇంగ్లీషులో ఆ అక్షరాన్ని జంటగా వేసి రాస్తే, తెలుగు బ్రెయిలీ మాత్రమే నేర్చిన వేలికి ‘ఈ’ బదులు రెండు ‘ఏ’లు తగులుతాయి. అంకె గుర్తుకుండే 3, 4, 5, 6 చుక్కలు తెలుగులో ‘ణ’ కూడా. మూడో అంతస్తు సంఖ్యను అక్షరాలుగా చదివితే ‘ణచ’ అవుతుంది. తెలుగు మాట ణకారంతో మొదలుకాదు గనుక పాఠకుడు సర్దుకుంటాడు. అలా సర్దుకునే వ్యవధి ఇంట్లో పుస్తకం చదివేటప్పుడు ఉంటుంది, జనం తోసుకువచ్చే లాబీలో ఉండదు. కనుక పలక మీద ఏ భాష ఎక్కడ మొదలవుతుందో స్థానం చేతనే తెలియాలి: పై వరుస ఎప్పుడూ తెలుగు, కింది వరుస ఎప్పుడూ ఇంగ్లీషు అన్నట్లు. తెలంగాణలో ఉర్దూ కూడా అధికారభాషే. కుడినుండి ఎడమకు సాగే ఉర్దూ మన బ్రెయిలీలో ఎడమనుండి కుడికే నడుస్తుంది కాబట్టి మూడో వరుసకు వేలి కదలిక మారదు.

బ్రెయిలీ రానివారి కోసం ఉబ్బెత్తు తెలుగు అక్షరాలు చాలవా అని అడగవచ్చు. నడివయసులో చూపు కోల్పోయినవారికి అవి కొంత ఉపయోగమే. అయితే ప, వ అక్షరాల భేదం తలకట్టు అంటుకోవడంలోనే ఉంది. ఆ సందు కంటికి స్పష్టం, వేలికి అనుమానం. ఉబ్బెత్తు పలకకు వేరే అచ్చుతీరు గీయవలసి ఉంటుంది.

ఇక బాణం. ఉబ్బెత్తు బాణాన్ని తడిమితే దాని కొస తెలుస్తుంది, దూరం తెలియదు. పైకి చూపే బాణమైతే ‘ముందుకు’ అనో ‘పై అంతస్తుకు’ అనో రెండర్థాలిస్తుంది. చూపున్నవాడు ఎదుట మెట్లను చూసి ఆ సందిగ్ధాన్ని తీర్చుకుంటాడు. బ్రెయిలీ పాఠకునికి ఒక్క స్థిరబిందువే ఉంది, పలకకు ఎదురుగా నిలిచిన తన శరీరం. అందుచేత ‘ఇటు’, ‘అటు’ తొలగి వాటి చోట ‘ఎడమ’, ‘కుడి’ రావాలి, దూరం లెక్కలో చెప్పాలి. ‘ఎడమ గోడ మూడో తలుపు’ అన్న వాక్యానికి క్రియ అక్కరలేదు, తెలుగులో అది సహజమే. ఖాళీలతో కలిపి పద్దెనిమిది గడులు, రమారమి పదకొండు నుండి పద్నాలుగు సెంటీమీటర్లు. అదే పలకను ఎదుటి గోడకు బిగిస్తే వాక్యం అబద్ధమవుతుంది, ‘ఎడమ’ తీసి ‘కుడి’ వేయాలి, మూడు గడుల చోట నాలుగు కావాలి. కాబట్టి పాఠం ఖరారు కావలసింది తయారీదారు బల్ల మీద కాదు, పలక బిగించే గోడ దగ్గర, బ్రెయిలీ చదివే వ్యక్తి ఆ దారిని ఒకసారి నడిచి చూసిన తరువాత.