పోప్ కోట కింద 13 ద్రాక్షలు

కలిపారంటే మన చెవికి కల్తీ అనే వినిపిస్తుంది. పాలల్లో నీళ్లు, కారంలో రంపపు పొట్టు చూసినవాళ్లం మరి. దక్షిణ ఫ్రాన్స్‌లో, అవిన్యోన్ నగరానికి దగ్గర్లోని షాతోనఫ్ ద్యు పాప్ అనే ఊళ్లో మాత్రం కలపడమే విద్య. అక్కడి వైన్‌లో 13 రకాల ద్రాక్ష వాడుకోవచ్చని చట్టమే చెబుతుంది. ఒకే ద్రాక్షలోని వేర్వేరు రంగులను విడివిడిగా లెక్కపెడితే అవి 18 అవుతాయి.

ఊరి పేరుకు అర్థం 'పోప్‌గారి కొత్త కోట'. 1309 నుంచి 1377 వరకు పోప్‌లు రోమ్ వదిలి అవిన్యోన్‌లో ఉన్నారు. వాళ్లలో 22వ జాన్ ఈ కొండ మీద కోట కట్టించాడు. అందులో మిగిలి ఉన్న భాగాన్ని 1944లో వెనుదిరిగి పోతున్న జర్మన్ సేనలు పేల్చేశాయి. ఇప్పుడు నిలిచి ఉన్నది ప్రధానంగా ఒక పెద్ద గోడ.

ఈ వైన్‌కు వెన్నెముక గ్రెనాష్. ఎండను తాగి తీపి నింపుకునే ద్రాక్ష అది. ఆ తీపే ఆల్కహాలుగా మారి వైన్‌కు బలం, మెత్తదనం ఇస్తుంది. కానీ దానికి రంగు తక్కువ, పులుపు తక్కువ, గాలి తగిలితే త్వరగా వాడిపోతుంది. ఆ లోట్లు పూడ్చడానికే తోడు కావాలి. సిరా ముదురు రంగు, మిరియాల ఘాటు తెస్తుంది. మూర్‌వెద్ర్ ఆలస్యంగా పండుతుంది. దాని వగరు వైన్‌ను ఏళ్లతరబడి నిలబెడుతుంది, గాలికి త్వరగా లొంగదు. సాన్సో, కూన్వాజ్ లాంటివి కొంచెం పడినా వైన్ తేలికపడుతుంది, తాజాగా ఉంటుంది. దేన్ని ఎంత కలపాలో చట్టం చెప్పదు. అది నాలుక తేల్చాలి. కొందరు రకాలన్నీ ఒకే తొట్టిలో కలిపి పులియబెడతారు. కొందరు విడివిడిగా పులియబెట్టి, నెలల తర్వాత ఒక్కొక్కటీ రుచి చూస్తూ పాళ్లు కుదుర్చుకుంటారు. బోకాస్తెల్ ఎస్టేటువాళ్లు 13 రకాలూ పెంచి వాడతారు. రాయాస్ ఎస్టేటు ఎర్ర వైన్‌లో గ్రెనాష్ ఒక్కటే. రెండూ గొప్పవే. అయినా నా మనసు మొదటిదాని వైపే.

తోటల్లోకి వెళ్తే చాలాచోట్ల మట్టే కనిపించదు. రోన్ నది ఒకనాడు దొర్లించి తెచ్చిన నున్నటి గుండ్రాళ్లు నేలను కప్పేసి ఉంటాయి. పగటి ఎండను దాచుకుని రాత్రి వెచ్చదనంగా వదులుతాయి. వాటి అడుగున బంకమట్టి తేమను పట్టి ఉంచుతుంది. ఉత్తరం నుంచి వీచే మిస్ట్రాల్ గాలి తీగల తడి ఆరబెట్టి బూజు పట్టనివ్వదు. దాని దెబ్బకు విరగకుండా తీగను పొట్టి పొదలా కత్తిరిస్తారు. కోత అంతా చేత్తోనే, యంత్రాలు పెట్టకూడదు.

ఒకప్పుడు ఈ వైన్ పీపాల్లో బర్గండీకి వెళ్లి, అక్కడి పలచటి వైన్‌లకు బలం పోసేది. దాని పేరు సీసా మీద పడేది కాదు. ఊరి రైతులు న్యాయవాది అయిన బారన్ పియర్ ల రువాను ఆశ్రయించారు. 1923 నుంచి ఆయన సాయంతో కట్టుబాట్లు రాసుకున్నారు. థైమ్, లావెండర్ మొలిచేంత బీడునేలే ఈ తీగకు తగిన నేల అన్నారు. 1936లో ఆ పేరుకు చట్టరక్షణ వచ్చింది. ఇంకొకరి వైన్‌లో కలిసిపోయిన వైన్, తన కలయికకు తానే హద్దులు గీసుకుంది.

ఇక భోజనం సంగతి. ఈ వైన్ పుట్టిన ప్రొవాన్స్‌లో దీనికి సరిజోడు దోబ్. గొడ్డుమాంసాన్ని ఎర్ర వైన్, వెల్లుల్లి, నారింజ తొక్క, థైమ్‌తో మట్టిపాత్రలో సన్నని సెగ మీద గంటలకొద్దీ ఉడికిస్తారు. మాంసంలోని కొవ్వుకు వైన్ వగరు మెత్తబడుతుంది. కూరలోని ఆకుల వాసనే వైన్‌లోనూ తిరిగి తగులుతుంది. వెల్లుల్లి దట్టించి కాల్చిన గొర్రెపిల్ల తొడ, అడవిపంది మాంసం కూడా బాగా కుదురుతాయి. కొద్దిగా తయారయ్యే తెల్ల వైన్‌కు మేకపాల చీజ్ చాలు.

మన గోంగూర మాంసం పక్కన మాత్రం దీన్ని పెట్టను. ఇందులో ఆల్కహాలు తరచూ 14 శాతం దాటుతుంది, అది మిరపకారం మంటను ఎగదోస్తుంది. గోంగూర పులుపు ముందు ఈ వైన్ చప్పబడుతుంది. కారం తగ్గించి, మిరియాలతో వేయించిన మేకమాంసమైతే కుదురుతుంది. మన ఎండల్లో సీసాను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 16, 17 డిగ్రీలకు చల్లార్చి పోయాలి. లేకపోతే ఆల్కహాలు ఘాటే ముందు ముక్కుకు తగులుతుంది.

దోబ్‌ను ప్రొవాన్స్ ఇళ్లల్లో తరచుగా ముందురోజే వండి పెడతారు. రాత్రంతా ఊరనిచ్చి, మర్నాడు వేడి చేసుకుంటే రుచి ఇంకా పెరుగుతుంది.