ఎడమ అంచున బలరాం

ఫుట్‌బాల్‌లో వింగర్‌ని గోల్స్‌తో తూచేవాళ్ళకి తులసీదాస్ బలరాం ఎప్పటికీ అర్థం కాడు. పలాస, సోంపేటల మీదుగా ఒకప్పుడు రైళ్ళు నడిపిన బి.ఎన్.ఆర్. పేరు ఉద్దానం పెద్దలకి గుర్తే. ఆ రైల్వే జట్టులోనే ఆయన ఆట ముగిసిందని బారువలో ఎందరికి తెలుసు? సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రాడు. సాధనకి వచ్చేందుకు సైకిల్ అద్దె రోజుకో రూపాయి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే ఇచ్చేవారంటారు.

గీత వెంట పరుగెత్తి, బ్యాక్‌ని దాటి, బంతిని గోల్ ముందుకు కొట్టడం వింగర్ పని. విద్య దాటడంలో లేదు, బంతిని ఎప్పుడు వదలాలో తెలియడంలో ఉంది. క్షణం ఆలస్యమైతే ఎదుటివాళ్ళు సర్దుకుంటారు, ముందే వదిలితే మనవాడింకా చేరుకోడు. అందుకే రహీం హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ నిషేధించి మరీ పోటీలు ఆడించారు. ఆయన తీర్చిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ బడిలో తేలిన మేలిమి బలరాం. ఎడమ వింగ్, ఇన్‌సైడ్ లెఫ్ట్, సెంటర్ ఫార్వర్డ్, ఎక్కడ నిలబెడితే అక్కడ అతనే మొనగాడు! 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒకటి. రెండూ ఓడిన మ్యాచ్‌లే కదా అంటారు. ఓడాం. కానీ ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆడిన ఆ హంగరీ, కాంస్యం గెలిచిన జట్టు, మనని దాటింది 2-1 తేడాతోనే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్ మీదా గోలు కొట్టాడు, స్వర్ణంతో తిరిగొచ్చాడు.

సహచరుల్లో పి.కె. బెనర్జీ గోల్స్ ఎక్కువ, చునీ గోస్వామి కెప్టెన్, మరి బలరాం గొప్పేమిటన్నది పాత వాదం. ఆ ఇద్దరూ మహానుభావులే. అయితే వాళ్ళకి తావు దొరికేలా తన చోటు మార్చుకుంటూ ఆడినవాడి కష్టం స్కోరు పట్టికలో పడదు. వాళ్ళిద్దరికీ పద్మశ్రీ దక్కింది, ఇతనికి 1962 అర్జున అవార్డుతో సరి! ఇది అన్యాయం కాక మరేమిటి? ఊపిరితిత్తుల జబ్బు 1963లోనే, ముప్ఫై నిండకుండానే బూట్లు విప్పించింది. 2023 ఫిబ్రవరి 16న ఆయన కోల్‌కతాలో కన్నుమూశాక మాత్రం నివాళులకి లోటు లేదు.

ఇప్పుడు రీల్స్ చూసి బంతి చుట్టూ కాళ్ళు తిప్పడమే వింగర్ ఆటనుకుంటున్నారు. ముగ్గురిని తిప్పి నాలుగోవాడికి బంతి అప్పగించడం గారడీ, ఆట కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ గెలిచినా, ఆ ఊరి పాత ఒడుపుకి వారసులు తయారవలేదు. బారువ, సోంపేట, టెక్కలి కుర్రాళ్ళకి పోటీలు పెట్టేవాళ్ళు రహీం నియమాన్ని ఒక్క ఏడాది పెట్టి చూడాలి: డ్రిబ్లింగ్ చేస్తే బంతి ఎదుటి జట్టుకి.